చాయ్‌తో పాటు ఒక గోలీ

కొత్తగా ఉద్యోగంలో చేరిన డాక్టర్లు అప్పుడప్పుడు నన్ను అడుగుతుంటారు, "మేడమ్, మీ రోజుల్లో ఈ పరీక్షలేవీ లేవు కదా, రోగాన్ని ఎలా కనిపెట్టేవాళ్లు?" అని. కనిపెట్టేవాళ్లం కాదు నాయనా, ధైర్యంగా చెప్పేవాళ్లం. మేం అంత ధైర్యంగా చెబితే రోగం కూడా చాలాసార్లు మా మాట విని సర్దుకునేది. సర్దుకోకపోతే తప్పు రోగిదని తేల్చేసి తరువాతి మనిషిని పిలిచేవాళ్లం.

అలా తప్పంతా తన నెత్తినే వేసుకుని మా చుట్టూ తిరిగిన ఒక మిల్లు కూలీ సంగతి చెబుతాను. డెబ్బైల మొదట్లో మాట. నాది కోదాడ వైపు ఊరు. మా ఆయన సూర్యాపేటలో బడిపంతులు. నన్ను మాత్రం మిర్యాలగూడ చుట్టుపక్కల ఒక సర్కారు దవాఖానకు వేశారు. ఊరి పేరు చెప్పను. అక్కడ ఇప్పుడు చక్కని ఆసుపత్రి ఉందట, మా పాపం దానికెందుకు అంటించడం.

సాగర్ కాలువ నీళ్లొచ్చాక అక్కడ పొలమంతా వరి, రోడ్డు పొడుగునా రైసు మిల్లులు. ఉప్పుడు బియ్యం కోసం వడ్లు ఉడికించిన వాసన మా దవాఖాన గోడలకు కూడా పట్టి ఉండేది. డాక్టర్లం ఇద్దరం. ఒకరు పెద్దసారు. రెండో దాన్ని నేను, చిన్న డాక్టరమ్మను. మా ఇద్దరి మధ్య ఒక కాంపౌండరు, ఆయన వెనక రెండు పెద్ద గాజు జాడీలు. కడుపు మంటకు తెల్ల మందు, మిగతా లోకానికంతా ఎర్ర మందు. జనం సీసాలు ఇంటి నుంచే తెచ్చుకునేవాళ్లు. కాంపౌండరు మందు నింపి, కాగితం మెట్లు మెట్లుగా కత్తిరించి సీసాకు అంటించి, "ఒక్కో మెట్టు దిగుకుంట తాగాలె, ఊపి తాగాలె" అని ఎదురుగా ఉన్నది చంటిపిల్ల అయినా సరే దానికే చెప్పేవాడు.

జాడీల పక్కన ఏపీసీ గోలీల డబ్బా. ఇప్పటివాళ్లకు ఆ పేరు తెలియదు. అందులో ముఖ్యమైన సరుకు ఆస్ప్రిన్. తలనొప్పికి అదే, ఒళ్లు నొప్పులకు అదే, జ్వరానికి అదే, కోడలి మీద కోపంతో మంచమెక్కిన అత్తకూ అదే. ఆ డబ్బా ఖాళీ అయిన రోజు మా దవాఖాన మూసినట్టే లెక్క.

పెద్దసారు చెడ్డవాడు కాదు. టైముకు వచ్చేవాడు, చేయి చాపేవాడు కాదు, చేతిరాత కూడా బాగుండేది. ఆయనకున్న జబ్బల్లా ఒక్కటే, అనుమానం రాకపోవడం. ఈ ప్రాంతపు ఆడవాళ్లు పాలిపోయి కనిపిస్తే కారణం ఒకటేనని ఎన్నడో తేల్చేశాడు. చెప్పుల్లేకుండా తిరుగుతారు, కాళ్ల నుంచి కొంకి పురుగులు ఎక్కుతాయి, లోపల రక్తం తాగుతాయి. పురుగుల మందు, ఆ వెనక ఐరన్ గోలీలు. ఈ మాటలో అబద్ధం లేదు, చాలామందికి అదే కారణం. కానీ చాలామందికి సరిపోయింది కదా అని అందరికీ తొడిగితే ఎలా?

ఆయన సొంతంగా కనిపెట్టిన పరీక్ష ఒకటుండేది. ఐరన్ మింగితే మలం నల్లబడుతుందని పుస్తకాల్లో ఉంది. ఆయన దాన్ని తిప్పి పట్టుకున్నాడు. నల్లగా వస్తే గోలీలు మింగినట్టు, రాకపోతే దిబ్బలో పారేసినట్టు. అందుకని ఐరన్ తీసుకునే ప్రతి ఆడమనిషినీ నిండు లైనులో, గొంతెత్తి, "నల్లగ వస్తుందా?" అని అడిగేవాడు. వాళ్లు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని తలూపేవాళ్లు. ఆయన సంతోషించేవాడు. నేను రాక ముందు ఎవరో పై అధికారి ఈ పరీక్షను మెచ్చుకున్నాడట. ఇక ఆపేదెవరు?

ఆమె మొదటిసారి వచ్చినప్పుడు ముప్ఫై ఏళ్లుంటాయేమో. రోడ్డవతలి మిల్లులో పని. ఉడికిన వడ్లను వేడి వేడిగా గచ్చు మీద పరిస్తే, వాటి మధ్య ఎండలో కాళ్లు ఈడ్చుకుంటూ నడిచి తిరగేయాలి. ఈ చివర నుంచి ఆ చివరకు, మళ్లీ వెనక్కు, వడ్లు ఆరేదాకా. మొగుడు అదే మిల్లులో హమాలీగా చేస్తూ బస్తా మీదపడి నడుం విరిగి మంచాన ఉన్నాడు. ఆ ఇంట్లో పొయ్యి వెలగాలంటే ఈమె కాళ్లు గచ్చు మీద ఆడాలి.

"నడిస్తే ఆయాసమొస్తుందమ్మా. కండ్లకు చీకట్లు కమ్ముతున్నయ్. జరసేపు కూసుంటే మేస్త్రి ఊకుంటలేడు. గిట్లనే అయితే వేరేదాన్ని పెట్టుకుంటనంటుండు" అంది.

పెద్దసారు కనురెప్ప కిందికి లాగి చూశాడు. లోపల ఎరుపన్నది లేదు.

"చెప్పులేసుకుంటవా?" అన్నాడు.

"గచ్చు మీద చెప్పులతోని ఒడ్లు తొక్కుతరా సారూ? తినే తిండాయె."

"అదే మరి" అన్నాడు పెద్దసారు నా వైపు తిరిగి, కేసు గెలిచిన వకీలులాగా.

పురుగుల మందు ఇచ్చాం. ఐరన్ ఇచ్చాం. నల్లగా వచ్చింది. కొంచెం తేరుకుంది, మళ్లీ పాలిపోయింది. మళ్లీ పురుగుల మందు. లేని పురుగులు ఎన్నిసార్లని చస్తాయి? కడుపులో మంటంటే తెల్ల మందు సీసా నింపి ఇచ్చాం. ఆకుకూరలు తినమన్నాం. "తింటున్ననమ్మా" అంది. మునగాకు తినమన్నాం. అదీ తిన్నది. ఇంత చేసినా రక్తం పెరగకపోతే ఇంకేం మిగిలింది? గోలీలు అమ్ముకుంటోందని కాంపౌండరు అన్నాడు. ఐరన్ గోలీలు కొనే వెర్రివాడు ఆ తాలూకాలో ఉన్నాడా అని అడిగాను. ఆయన ఆలోచనలో పడ్డాడు.

ఇంతలో ఐరన్ గోలీల సరఫరా ఆగిపోయింది. ఎందుకు ఆగిందో మాకు తెలియదు, మళ్లీ ఎందుకు మొదలైందో అదీ తెలియదు. సర్కారు మందుల రాకపోకలు వానల్లాంటివి. నెల పైగా ఒక్క గోలీ లేదు. అప్పుడొచ్చిందామె, గోడ పట్టుకుని.

పెద్దసారు అలవాటు ప్రకారం, "నల్లగ వస్తుందా?" అన్నాడు.

"వస్తుంది సారూ. గోలీలు అయిపోయి నెల దాటింది, అయినా నల్లగనే వస్తుంది. కీలు నూనె తీరు."

పెద్దసారు ముఖం వెలిగిపోయింది. "చూశినవా డాక్టరమ్మా? మనమిచ్చిన ఐరన్ ఒంట్ల నిలువ ఉన్నది. ఇంకా పనిచేస్తనే ఉన్నది."

ఐరన్ లేకుండా మలం తారులాగా నల్లగా వస్తోందంటే అది రక్తం. కడుపులో ఎక్కడో కారి, అరిగి, నల్లబడి దిగుతోంది. ఇన్ని నెలలుగా ఆ నలుపును మా గోలీల నలుపు కప్పేసింది. ఆమె రక్తం పోతున్న ప్రతిసారీ మేం శభాష్ అన్నాం. నాకు కోపం ఎవరి మీద వచ్చిందో సరిగా చెప్పలేను, అందరి మీదా వచ్చింది.

ఆమెను పక్కకు తీసుకెళ్లి, "ఇంకేమైనా మందులు వాడుతున్నావా అమ్మా?" అని అడిగాను.

"ఏం లేవమ్మా. మీరిచ్చినయే."

నాటు వైద్యం? లేదు. సారా, కల్లు? "పెండ్లిండ్లల్ల జర కల్లు తాగుత, దాచేదేముంది" అంది. ఆ కాస్త కల్లుకు ఇంత రక్తం పోదు. మర్నాడు పొద్దున్నే, ఏమున్నదో నా కళ్లతో చూద్దామని మిల్లుకు వెళ్లాను.

ఆడవాళ్లంతా గచ్చు పక్కన లైనులో ఉన్నారు. ఇంకా ఎవరూ ఏమీ తినలేదు, మొదటిసారి వడ్లు తిరగేశాకే సద్ది మూట విప్పుతారు. మేస్త్రి ఒక చేత్తో డబ్బా పట్టుకుని ఒక్కొక్కరి అరచేతిలో తెల్లటి గోలీ వేస్తున్నాడు. వెనక ఇంకొకడు చాయ్ పోస్తున్నాడు. అరచేతిలో గోలీ పడితేనే గ్లాసులో చాయ్ పడుతుంది. ఆమె గోలీ నోట్లో వేసుకుని చాయ్‌తో మింగి, నన్ను చూసి నవ్వింది.

"మందులేవీ వాడట్లేదన్నావు కదమ్మా?" అన్నాను.

"మందేడిదమ్మా? గది చాయ్ గోలీ గదా."

ఆమె అబద్ధమాడలేదు. చాయ్‌లో చక్కెర వేసుకుంటున్నానని డాక్టరుకు ఎవరు చెబుతారు? ఇదీ అంతే. మేస్త్రిని ఎన్నాళ్ల నుంచి ఇస్తున్నారని అడిగాను.

"మిల్లు పెట్టినప్పటిసంది ఉన్నదమ్మా. మీ పెద్దసారే సేటుకు చెప్పి ఇప్పిచ్చిండు. పొద్దుగాల ఒకటి పడ్డదంటే పెయ్యి నొప్పులుండయ్, పని జోరుగ నడుస్తది. మధ్యాహ్నం ఎవలన్న మూలిగితే ఇంకోటి."

డబ్బా మీద మా దవాఖాన ముద్ర స్పష్టంగా ఉంది.

ఇక్కడ కాస్త పాఠం చెప్పక తప్పదు, ఓపిక పట్టండి. ఆస్ప్రిన్ కడుపు లోపలి పొరను గీకుతుంది. రోజూ, పరగడుపున, ఏళ్ల తరబడి వేసుకుంటే కొందరికి అక్కడ పుండు పడి కొంచెం కొంచెంగా రక్తం కారుతుంది. దాంతో మంట. మంటకు మేమిచ్చిన తెల్ల మందు ఏం చేస్తుందంటే, ఐరన్‌ను ఒంటికి సరిగా పట్టనివ్వదు. చాయ్ కూడా ఆ పనిలో తన వంతు చేయి వేస్తుంది. అంటే మా డబ్బాలోని గోలీ రక్తం తీస్తోంది, మా జాడీలోని మందు రక్తం పట్టకుండా చూస్తోంది, మా ఐరన్ ఈ దొంగతనం బయటపడకుండా నల్లరంగు పూస్తోంది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారు. మేం రెండు నాలుకలకూ ఒకే కౌంటరులో మందిచ్చాం.

పెద్దసారుతో చెప్పాను. నవ్వాడు. "ఏపీసీతోని రక్తం పోతదా? నేను రోజూ రెండేసుకుంట మోకాళ్ల నొప్పికి. నాకేమైంది?"

ఆయన ముఖం చూశాను. వెనకున్న సున్నం గోడకూ ఆ ముఖానికీ పెద్ద తేడా లేదు. కానీ పై అధికారి కనురెప్ప కిందికి లాగి చూడడం సర్వీసు రూల్సులో ఉన్నట్టు లేదు, ఊరుకున్నాను.

మిల్లు యజమాని సేటు దగ్గరికి వెళ్లాను. తాతల కాలం నుంచి గింజల వ్యాపారం చేస్తున్న కుటుంబం ఆయనది. మర్యాదగా కూర్చోబెట్టి చాయ్ తెప్పించాడు, గోలీ లేకుండా. "నేను బంద్ చేస్తే పక్క మిల్లోడు ఇస్తడమ్మా. ఆడోళ్లు గాడికే పోతరు. ధర్మం చేసినా పరేషానేనా?" అన్నాడు. ఆయన ధర్మాలలో ఇంకొకటి మా దవాఖానకిచ్చిన సీలింగు ఫ్యాను. మూడు రెక్కల మీదా వాళ్ల నాయన పేరు ఎర్ర రంగుతో రాయించాడు. ప్రారంభోత్సవం కానిదే తిప్పకూడదని పెద్దసారు స్విచ్చి మీద కాగితం అంటించాడు. ఆ ఎండాకాలమంతా మేం ఆ ఫ్యాను కింద విసనకర్రలతో విసురుకుంటూ కూర్చున్నాం. తిరగడం లేదు కాబట్టి పేరు మాత్రం బాగా చదవగలిగేవాళ్లం.

చివరికి ఆమెతోనే, ఆ గోలీ వేసుకోవద్దని చెప్పాను.

"ఒద్దంటే ఎట్లమ్మా? నొప్పులని పనెగ్గొడదామని సూస్తుందంటడు మేస్త్రి. నా జాగల ఇంకొకతిని నిలబెడతడు. ఇంట్ల మనిషి మంచంల ఉండె."

ఫ్యాను ప్రారంభోత్సవానికి జిల్లా నుంచి పెద్ద అధికారి వచ్చాడు. పూలదండలు, కుర్చీలు, షరబత్తు. పట్నానికి బియ్యం తీసుకెళ్లే మిల్లు లారీ కూడా గేటు దగ్గర ఆగింది, డ్రైవరు మిఠాయి కోసం దిగాడు. మా వైద్యం వల్ల బాగుపడ్డవాళ్లని చూపించడానికి పెద్దసారు మిల్లు ఆడవాళ్లను ఎండలో వరసగా నిలబెట్టాడు. అందరికంటే ముందు ఆమెను. అందరికంటే ఎక్కువ మందులు తిన్నది ఆమే కదా.

"రక్తహీనత మీద మనం గట్టిగ పనిచేస్తున్నం సార్" అన్నాడు పెద్దసారు. "మందు మింగుతున్నరా లేదా అని కూడ పరీక్ష పెట్టినం. మీరే వినుండ్రి." ఆమె వైపు తిరిగి, "చెప్పు, నల్లగ వస్తుందా?" అన్నాడు.

ఆమె జవాబు చెప్పడానికి నోరు తెరిచింది. మాట రాలేదు, రక్తం వచ్చింది. ముందు కాఫీ పొడి కలిపిన నీళ్లలాగా, తరువాత ఎర్రగా. అధికారి రెండు కాళ్లూ కుర్చీ మీదికి లాక్కున్నాడు. ఆమె కుప్పకూలింది.

సేటును నేను ఎన్ని మాటలన్నా ఈ ఒక్కటి ఒప్పుకోవాలి. అందరికంటే ముందు కదిలింది ఆయనే. "లారీ తియ్యిండ్రి. డాక్టరమ్మను, గామెను ముందల ఎక్కియ్యిండ్రి" అని తనే తలుపు తీసి పట్టుకున్నాడు. గోలీలు పంచిన మేస్త్రే ఆమెను రెండు చేతుల మీద మోసుకొచ్చాడు. వాడికి ఏడుపొక్కటే తక్కువ. వెనక నుంచి పెద్దసారు గొంతు వినపడింది, వందన సమర్పణ ఒక్కటే మిగిలింది, అది కానిచ్చి వెళ్లమని. నేను వెనక్కి తిరగలేదు. తిరిగితే ఏమనేదాన్నో నాకే తెలియదు.

తల నా ఒళ్లో పెట్టుకుని నాడి పట్టుకు కూర్చున్నాను. వేళ్ల కింద అది ఉందో లేదో తెలియనంత సన్నగా కొట్టుకుంటోంది. భయమేసింది. అంతకుముందు చావులు చూశాను, కానీ మా చేతుల మీదుగా, మా ముద్రతో ఇలా దగ్గరికొచ్చిన చావును చూడలేదు. డ్రైవరు రోడ్డు మీది నుంచి కళ్లు తిప్పకుండా, "బతుకుతదా డాక్టరమ్మా?" అన్నాడు. నువ్వు తోలు నాయనా అన్నాను. నార్కట్‌పల్లి దాటాక ఆమె కళ్లు తెరిచి ఏదో అంది. చెవి దగ్గర పెట్టి విన్నాను.

"మేస్త్రికి చెప్పమ్మా. రేపటికి పనికొస్తనని."

బతికింది. పట్నంలో రక్తం ఎక్కించారు. కడుపులో పుండని తేల్చారు. అక్కడి కుర్ర డాక్టరు, "ఏమైనా మందులు వాడేదానివా?" అని అడిగితే ఆమె నీరసంగా తల అడ్డంగా ఊపింది. నేను చాయ్ గోలీ సంగతి చెప్పాను. ఆమె నా వైపు తిరిగింది.

"గా గోలీ ఇంత పనిజేస్తదా అమ్మా?"

"చేస్తుంది."

"మరి గది మీ డబ్బాలకెల్లే వచ్చింది గదా?"

నేను దుప్పటి సర్దాను.

ఆమె తేరుకుని తిరిగొచ్చేసరికి సేటు ఆమె జాగా అలాగే ఉంచాడు. మిల్లులో చాయ్ గోలీ మాత్రం ఆగలేదు. పక్క మిల్లువాడు ఆపలేదు కదా. మా దవాఖాన నుంచి డబ్బా వెళుతూనే ఉంది. నేను పైకి ఫిర్యాదు పంపాను. అది పైనుంచి కిందికి దిగి, తగిన వివరణ కోరుతూ పెద్దసారు బల్ల మీదికే వచ్చింది. ఆయన తన చక్కని చేతిరాతతో వివరణ రాసుకున్నాడు. ఆమె కోలుకోవడానికి కారణం అడిగినవాళ్లకు, "ఐరన్ నెమ్మదిగ పనిచేస్తది" అని చెప్పేవాడు.

కొన్ని నెలలు గడిచాయి. ఐరన్ సరఫరా మళ్లీ ఆగిపోయింది. ఒకరోజు లైనులో ఆమె ముందు, వెనక నలుగురైదుగురు మిల్లు ఆడవాళ్లు వచ్చారు. ఆమె బుగ్గల్లో రంగు తిరిగింది. పైన ఫ్యాను తిరుగుతోంది, సేటు వాళ్ల నాయన పేరు ఎర్రటి గీతలా మాత్రమే కనపడుతోంది. ఆమె కొంగు ముడి విప్పి పెద్దసారు బల్ల మీద గుమ్మరించింది. తెల్లటి గోలీలు. వెనకున్నవాళ్లూ ఒక్కొక్కరే కొంగులు విప్పారు. బల్ల మీద కుప్పయింది. కొన్ని దొర్లి కింద పడితే కాంపౌండరు వంగి ఏరడం మొదలుపెట్టాడు.

"ఏందివి?" అన్నాడు పెద్దసారు.

"మీ గోలీలే సారూ. మేస్త్రి చేతుల ఏస్తుండు, మేం చాయ్ తాగుతున్నం, గిది కొంగుల కడుతున్నం. వాపస్ తీస్కోండ్రి."

"మరి నొప్పులో?"

"ఉంటయ్. పనిజేస్తే నొయ్యదా? మధ్యాహ్నం అందరం ఒక్కసారే కూసుంటున్నం. అందరం కూసుంటే మేస్త్రి ఎవల్నని లేపుతడు?"

నాకు నవ్వొచ్చింది. కళ్లలో నీళ్లు కూడా వచ్చాయి. పెద్దసారుకు రెండూ రాలేదు. తలెత్తి, లైనంతా వినపడేలా తన పాత ప్రశ్నే వేశాడు. "నల్లగ వస్తుందా?"

ఈసారి ఎవరూ కొంగు అడ్డం పెట్టుకోలేదు.

"లేదు సారూ" అంది ఆమె. "మా అందర్ల ఎవ్వలికీ వస్తలేదు."

పెద్దసారు చాలా బాధపడ్డాడు. కుర్చీలో వెనక్కి వాలి, నా వైపు తిరిగి, నిట్టూర్చాడు.

"చూశినవా డాక్టరమ్మా? ఎంత చెప్పినా వీళ్లు మందేసుకోరు."

ఆయన సర్వీసు మొత్తంలో సరిగ్గా కనిపెట్టిన రోగం అదొక్కటే.